కనెక్టింగ్ ఫ్లైట్‌కు మధ్యలో ఎంత గ్యాప్ ఉండాలి? నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి బయల్దేరేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

టికెట్ కొనేశాక ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, "ఈ గ్యాప్ సరిపోద్దా అన్నా?" అని అడిగేవాళ్లు నాకు నెలకు నలుగురైనా తగులుతారు. కొనకముందు అడిగితే ఎంత బాగుండు. కువైట్‌లో ఎనిమిదేళ్లు పనిచేసి ఇప్పుడు కావలిలో ఉంటున్నాను. అక్కడున్నన్నాళ్లూ డబ్బులు కలిసొస్తాయని ఎక్కడో ఒకచోట విమానం మారి వెళ్లినవాణ్నే. తలా ఒకరికి చెప్పిన జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను.

అసలు ఎంత గ్యాప్ ఉండాలి? ఒక్క అంకె చెప్పండి చాలు.

ఒక్కటి చెప్పలేను, నాలుగు చెబుతాను. ఒకే టికెట్ మీద, మన దేశంలోనే, ఒకే టెర్మినల్‌లో మారేదైతే గంటన్నర. చెన్నైలోనో తిరుపతిలోనో ఎక్కి, ముంబైలోనో హైదరాబాద్‌లోనో విదేశీ విమానం పట్టుకోవాలంటే మూడు గంటలు. గల్ఫ్‌లో ఒకటి దిగి ఇంకోటి ఎక్కడానికి రెండు నుంచి మూడు. అమెరికాలో దిగి అక్కడి లోకల్ విమానం ఎక్కడానికి మూడున్నరకు తగ్గకుండా. ఇవి రూల్స్ కావు, నా లెక్క. మీరు ఒంటరిగా, ఒక్క బ్యాగుతో, తెలిసిన దారిలో వెళ్లేవాళ్లయితే కాస్త తగ్గించుకోవచ్చు. చంటిబిడ్డో పెద్దవాళ్లో వెంట ఉంటే ఇంకో గంట కలుపుకోండి.

రెండు వేర్వేరు టికెట్లయితే పై అంకెలన్నీ మర్చిపోండి. అప్పుడు ఆరు గంటలు, కుదిరితే ఒక రాత్రి.

ఒకే టికెట్, వేర్వేరు టికెట్లు అంటున్నారు. నాది ఏదో ఎట్టా తెలుస్తుంది?

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. గంటలు ఎన్ని ఉన్నాయన్నది దీని తర్వాత.

మీ ప్రయాణం మొత్తానికి పీఎన్‌ఆర్ ఒక్కటే ఉంటే సాధారణంగా అది ఒకే టికెట్. చెన్నై నుంచి ముంబైకి ఒక పీఎన్‌ఆర్, ముంబై నుంచి కువైట్‌కు ఇంకో పీఎన్‌ఆర్ ఉంటే అవి రెండు. కొన్ని వెబ్‌సైట్లు రెండు వేరే కంపెనీల టికెట్లను ఒకేసారి డబ్బులు కట్టించుకుని ఒకే కాగితం మీద ఇస్తాయి. చూడ్డానికి ఒకటిలాగే ఉంటుంది, లోపల రెండు. కింద చిన్న అక్షరాల్లో "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని ఉందేమో చూడండి. ఏజెంటు దగ్గర కొంటే మాటలు పెంచకుండా ఒక్కటే అడగండి: "నా లగేజీ చివరి ఊరి దాకా నేరుగా పోతుందా?" నీళ్లు నమిలితే అవి రెండు టికెట్లే.

తేడా ఏమిటంటే, ఒకే టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా మిమ్మల్ని గమ్యానికి చేర్చే బాధ్యత టికెట్ అమ్మిన విమానయాన సంస్థదే. తర్వాతి విమానంలో సీటు వాళ్లే చూడాలి. రెండు టికెట్లయితే రెండో కంపెనీ దృష్టిలో మీరు ఆలస్యంగా వచ్చిన ప్రయాణికుడు, అంతే. మొదటి కంపెనీకేమో మీకు రెండో విమానం ఉందన్న సంగతే తెలియదు.

నాకు ఈ పాఠం ముంబైలో అబ్బింది. సెలవు మీద వస్తూ, కువైట్ నుంచి ముంబైకి ఒక టికెట్, ముంబై నుంచి చెన్నైకి ఇంకో కంపెనీ టికెట్ విడిగా కొన్నాను. రెండు వేల మూడొందలు మిగిలాయని సంబరపడ్డాను. మధ్యలో మూడు గంటల గ్యాప్. మొదటి విమానం గంటా ఇరవై నిమిషాలు ఆలస్యంగా లేచింది. దిగి ఇమ్మిగ్రేషన్ దాటి, బెల్టు మీద రెండు బ్యాగుల కోసం కాచుకుని, కస్టమ్స్ దాటి బయటికొచ్చాక గానీ రెండో విమానం వేరే టెర్మినల్‌లో ఉందని బుర్రకెక్కలేదు. ఆటోవాడిని బతిమాలుకుని పోయేసరికి కౌంటర్ మూసేశారు. కొత్త టికెట్‌కు పదకొండు వేలు పెట్టాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ రెండు వేల మూడొందల సంగతి ఎత్తుతుంది.

సైట్‌లో 55 నిమిషాల గ్యాప్‌తో టికెట్ చూపిస్తున్నారు. అమ్ముతున్నారంటే సరిపోతుందనేగా?

ఒకే టికెట్ అయితే, కాగితం మీద సరిపోతుందనే అర్థం. ప్రతి విమానాశ్రయానికీ "మినిమం కనెక్టింగ్ టైమ్" అని ఒక లెక్క ఉంటుంది. లోకల్ నుంచి లోకల్‌కు ఇంత, లోకల్ నుంచి విదేశీ విమానానికి ఇంత, టెర్మినల్ మారితే ఇంత అని. దానికంటే తక్కువ గ్యాప్ ఉంటే కంప్యూటర్ ఆ రెండు విమానాలనూ ఒకే టికెట్‌లో కలపదు. కానీ అది అన్నీ సవ్యంగా జరిగితే సరిపోయే కనీస సమయం. మొదటి విమానం టైముకు దిగితే, లైను పొడవుగా లేకపోతే, మీకు దారి తెలిస్తే.

రెండు వేర్వేరు టికెట్లకు ఈ లెక్క కాపలా కాయదు. నలభై నిమిషాల గ్యాప్‌తో కొన్నా ఎవరూ ఆపరు.

గంటన్నర అంటే బోలెడు టైమే కదా, ఎక్కడ పోతుంది?

రూపాయి నోటు చిల్లర మార్చినట్టే, ఎటు పోయిందో తెలియదు. లెక్క వేద్దాం. టికెట్ మీద ఉండేది విమానం కదిలే టైము. గేటు అంతకు 20, 25 నిమిషాల ముందే మూసేస్తారు. అంటే మీ 90 నిమిషాల్లో మిగిలింది 65. మొదటి విమానం తన చోట ఆగి తలుపు తీసేసరికి పది, పదిహేను నిమిషాలు ఆలస్యమైందనుకోండి. మీ సీటు 31వ వరసలో ఉంటే ముందున్నవాళ్లంతా పైనుంచి బ్యాగులు దించుకునేదాకా ఇంకో పది. విమానం తలుపు నుంచి నేరుగా లోపలికి నడిచిపోయే ఏరోబ్రిడ్జ్ లేకపోతే బస్సు ఎక్కిస్తారు, అది నిండేదాకా కదలదు, అదో పది. ఇక అరగంట ఉంది. అందులోనే ట్రాన్సిట్ సెక్యూరిటీ, బెల్టూ వాచీ తీసి ట్రేలో వేయడం, మళ్లీ వేసుకోవడం, ఆపైన గేటు దాకా నడక. ఢిల్లీ మూడో టెర్మినల్‌లో చివరి గేటు దాకా నడిచినవాళ్లకు ఆ నడక సంగతి తెలుసు.

ఇక్కడ బాత్రూమ్ లెక్కలో లేదు.

ఇంకోటి. ముంబై, ఢిల్లీ, చెన్నై లాంటి చోట్ల ఇప్పుడు ప్రతి విమానానికీ మైకులో పిలవరు. "సైలెంట్ ఎయిర్‌పోర్ట్" అంటారు. దుబాయ్ కూడా అంతే. బస్టాండులో లాగా పిలుస్తారులే అని కూర్చుంటే విమానం వెళ్లిపోతుంది. దిగగానే బోర్డు మీద మీ విమానం నంబరు, గేటు చూసుకోండి. ఆఖరి నిమిషంలో గేటు మారుతుంది కాబట్టి పావుగంటకోసారి మళ్లీ చూడండి.

మన దేశంలో ఏ ఊళ్లో మారడం తేలిక?

నన్నడిగితే హైదరాబాద్. శంషాబాద్‌లో లోకల్ విమానాలూ విదేశీ విమానాలూ ఒకే టెర్మినల్ భవనంలోంచి నడుస్తాయి. పైగా అక్కడ ఏదైనా తేడా వస్తే తెలుగులో అడుక్కోవచ్చు, అది చిన్న విషయం కాదు.

బెంగళూరులో రెండు టెర్మినళ్లు. 2023 సెప్టెంబర్ నుంచి విదేశీ విమానాలు రెండో టెర్మినల్ నుంచే. లోకల్ విమానం మొదటిదాంట్లో దిగితే షటిల్ బస్సు ఎక్కాలి. చెన్నైలో టెర్మినళ్లు పక్కపక్కనే, నడిచిపోవచ్చు. లోకల్ విమానాలు ఒకటి, నాలుగు టెర్మినళ్లలో, విదేశీవి రెండో టెర్మినల్‌లో.

ముంబై, ఢిల్లీలలోనే జాగ్రత్త. ముంబైలో మొదటి టెర్మినల్ శాంతాక్రూజ్ వైపు, రెండోది సహార్ వైపు. మధ్యలో ఊరి ట్రాఫిక్. ఇప్పుడు నవీ ముంబైలో ఇంకో విమానాశ్రయమే వచ్చింది, టికెట్ మీద ఏది ఉందో చూసుకోండి. ఢిల్లీలో రెండు, మూడు టెర్మినళ్లు పక్కపక్కనే గానీ మొదటిది కిలోమీటర్ల దూరం. టెర్మినల్ మారాల్సి వస్తే నా లెక్కకు గంట కలపండి. టికెట్ మీద టీ1, టీ2 అని చిన్నగా ఉంటుంది, చాలామంది అది సీటు నంబరో ఏమో అనుకుంటారు.

తిరుపతి నుంచి హైదరాబాద్ మీదుగా దుబాయ్ టికెట్ ఉంది. మేం ఎటూ రైల్లో హైదరాబాద్ వెళ్తున్నాం. తిరుపతి ముక్క వదిలేసి నేరుగా హైదరాబాద్‌లో ఎక్కొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. ఒకే టికెట్‌లో మొదటి విమానం ఎక్కకపోతే మీరు రాలేదని రాసుకుని మిగతా ప్రయాణం మొత్తం రద్దు చేస్తారు, తిరుగు టికెట్‌తో సహా. హైదరాబాద్ కౌంటర్ దగ్గర ఎంత మొత్తుకున్నా కంప్యూటర్‌లో మీ సీటు ఉండదు. అలా వెళ్లాలనుకుంటే ముందే కంపెనీకి ఫోన్ చేసి టికెట్ మార్పించుకోవాలి, ఛార్జీ తేడా ఉంటే కట్టాలి. వచ్చేటప్పుడు చివరి ముక్క వదిలేయడం వేరు. దాని తర్వాత రద్దయ్యేది ఏమీ ఉండదు. అయితే లగేజీ హైదరాబాద్‌లో చేతికివ్వకుండా నేరుగా తిరుపతికే పంపే టికెట్ అయితే మీరు హైదరాబాద్‌లో, బ్యాగు రేణిగుంటలో.

విదేశం నుంచి తిరిగొస్తూ ముంబైలోనో ఢిల్లీలోనో మారితే లగేజీ మనమే తీసుకోవాలా?

సాధారణంగా అవును. మన దేశంలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్, అక్కడే కస్టమ్స్. బెల్టు మీద బ్యాగు తీసుకుని, కస్టమ్స్ దాటి, ట్రాన్స్‌ఫర్ కౌంటర్‌లో మళ్లీ ఇవ్వాలి. బ్యాగు మీద చెన్నై ట్యాగ్ ఉన్నా సరే. కొన్ని కంపెనీలు కొన్ని దారుల్లో చివరి ఊళ్లోనే కస్టమ్స్ చేయిస్తున్నాయి కాబట్టి బయల్దేరే చోట కౌంటర్‌లో తప్పకుండా అడగండి. అడగకుండా చెన్నై వచ్చేసి, బ్యాగు ముంబైలోనే తిరుగుతున్నవాళ్లు నాకు తెలుసు.

వెళ్లేటప్పుడు ఈ బాధ లేదు. ఒకే టికెట్ అయితే చెన్నైలో ఇచ్చిన బ్యాగు కువైట్‌లోనే తీసుకుంటారు. ట్యాగ్ మీద మూడక్షరాల కోడ్ చూడండి, కువైట్ అయితే కేడబ్ల్యూఐ అని ఉండాలి.

ఇమ్మిగ్రేషన్ లైను తగ్గించుకునే దారి ఒకటుంది. 2024లో ఢిల్లీలో మొదలుపెట్టిన ట్రస్టెడ్ ట్రావెలర్ పథకాన్ని 2025 జనవరిలో చెన్నై, హైదరాబాద్, ముంబై, బెంగళూరుతో పాటు మరికొన్ని చోట్లకు తెచ్చారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, ఒకసారి వేలిముద్రలు, ఫొటో ఇస్తే తర్వాత యంత్రం గేటులోంచి వెళ్లిపోవచ్చు. మనవాళ్లకు ఫీజు లేదు. ఏడాదికోసారి వచ్చిపోయేవాళ్లు చేయించుకుంటే మంచిది.

దుబాయ్, దోహా మీదుగా వెళ్తే?

గల్ఫ్ విమానాశ్రయాలు కట్టిందే విమానాలు మారేవాళ్ల కోసం. ఒకే కంపెనీ, ఒకే టికెట్ అయితే అక్కడ ఇమ్మిగ్రేషన్ లేదు, లగేజీ ముట్టుకోనక్కర్లేదు. దిగగానే "ట్రాన్స్‌ఫర్స్" బోర్డు పట్టుకుని పోవడం, ఒక సెక్యూరిటీ, ఆపైన గేటు. రెండు గంటలు సరిపోతుంది. దోహా అంతా ఒకే టెర్మినల్. అబుదాబిలో 2023 నవంబర్‌లో కొత్త టెర్మినల్ తెరిచాక అక్కడా పని తేలికైంది.

దుబాయ్ మాత్రం సముద్రం. 2024లో 9 కోట్ల 20 లక్షల మందికి పైగా ప్రయాణించిన చోటు. ఎమిరేట్స్ మూడో టెర్మినల్‌లో. రెండో టెర్మినల్ రన్‌వేకు అవతలి వైపు ఉంటుంది. చవక టికెట్లలో కొన్ని అక్కడికే తెస్తాయి. రెండో టెర్మినల్‌లో దిగి మూడోదాంట్లో ఎక్కాలంటే లోపలి బస్సు ఎక్కి చుట్టూ తిరిగి రావాలి. అలాంటి టికెట్‌కు మూడున్నర గంటలైనా లేకపోతే నేను కొనను.

మా అబ్బాయి ఎంఎస్‌కు అమెరికా పోతున్నాడు. దోహాలో రెండు గంటలు, షికాగోలో గంటా నలభై. పర్వాలేదా?

దోహా పర్వాలేదు. షికాగో గురించే నాకు భయం.

అమెరికాలో మొదట ఏ ఊళ్లో దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్. లగేజీ చివరి ఊరి దాకా ట్యాగ్ వేసినా అక్కడ బెల్టు మీద తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ బెల్టు మీద వేయాలి. ఆపైన మళ్లీ సెక్యూరిటీ. ఆగస్టులో మన పిల్లలంతా ఒకేసారి దిగుతారు, లైను గంట దాటడం మామూలే. ఐ-20 కాగితాలు (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) చూసి ఏదైనా అనుమానం వస్తే పక్కగదికి పంపిస్తారు, అక్కడ ఇంకో గంట కూర్చోబెట్టినా అడిగేవాడు లేడు. షికాగో ఓహేర్‌లో విదేశీ విమానాల్లో చాలావరకు ఐదో టెర్మినల్‌లో దిగుతాయి. లోకల్ విమానం ఎక్కువగా ఒకటి, రెండు, మూడు టెర్మినళ్ల నుంచి. మధ్యలో చిన్న రైలు ఎక్కాలి. గంటా నలభైలో ఇదంతా అయితే అదృష్టమే. నాలుగు గంటల గ్యాప్ ఉన్న టికెట్‌కు మార్పించండి.

అబుదాబిలో మారేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. 2014 నుంచి అక్కడే అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులు కూర్చుంటున్నారు. ఆ పని అక్కడే అయిపోతుంది, అమెరికాలో లోకల్ ప్రయాణికుడిలా దిగి నడిచిపోవచ్చు. అయితే ఆ లైను అబుదాబిలో ఉంటుంది కాబట్టి అక్కడ గ్యాప్ మూడు గంటలైనా ఉండాలి.

న్యూయార్క్‌కు టికెట్ కొంటే ఏ విమానాశ్రయమో చూడండి. జేఎఫ్‌కేలో దిగి నెవార్క్‌లోనో లాగార్డియాలోనో ఎక్కమనే టికెట్లు ఉంటాయి. అది టెర్మినల్ మారడం కాదు, పెట్టెలన్నీ మోసుకుని ఊళ్లోంచి ఇంకో విమానాశ్రయానికి పోవడం.

మధ్యలో మారే దేశానికి వీసా కావాలా?

గల్ఫ్‌లో ఒకే టికెట్ మీద లోపల లోపలే మారితే అక్కర్లేదు. బ్రిటన్‌లో అయితే బయటికి రాకపోయినా మన పాస్‌పోర్టుకు ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్లకు దాన్నుంచి మినహాయింపు ఉంది. యూరప్ దేశాలది తలా ఒక రూలు, టికెట్ కొనే ముందే ఆ దేశ రాయబార కార్యాలయం సైట్‌లో చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి పారిస్‌లో మళ్లీ మారే టికెట్ మాత్రం ఎంత చవకైనా ముట్టుకోవద్దు. ఆ రెండింటి మధ్య ప్రయాణం వాళ్లకు లోకల్ లెక్క, షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి చెల్లే వీసా) లేకపోతే చెన్నైలోనే ఎక్కనివ్వరు.

వేర్వేరు టికెట్ల ప్రమాదం ఇక్కడ కూడా ఉంది. లగేజీ తీసుకుని మళ్లీ ఇవ్వాలంటే ఆ దేశంలోకి అడుగుపెట్టాలి. అడుగుపెట్టాలంటే వీసా కావాలి.

టికెట్ మీద ఉన్న టైములు మన టైమా, వాళ్ల టైమా?

ఏ ఊరు రాశారో ఆ ఊరి టైము. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, కువైట్, దోహా రెండున్నర గంటలు వెనక. దోహాలో దిగే టైము, మళ్లీ లేచే టైము రెండూ దోహావే కాబట్టి గ్యాప్ లెక్కకు తీసివేత ఒక్కటే చాలు. ఫోనులో టైము దానంతటదే మారకపోతే గోడ మీది గడియారం నమ్మండి.

అంతకంటే పెద్ద ప్రమాదం అర్ధరాత్రి. చెన్నై నుంచి గల్ఫ్ విమానాలు చాలావరకు తెల్లవారుజామున లేస్తాయి. టికెట్ మీద 12వ తేదీ 01:40 అని ఉంటే మీరు 11వ తేదీ సాయంత్రమే నెల్లూరు వదలాలి. 12న రాత్రి భోంచేసి తీరిగ్గా బయల్దేరినవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరుంటారు. మా ఊళ్లో ఇద్దరు.

నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు ఎంతసేపు ముందు బయల్దేరాలి?

నన్నడిగితే మన మొదటి కనెక్షన్ ఇదే, హైవే మీద. టికెట్‌లో అది రాసి ఉండదు, తప్పితే ఏ కంపెనీ బాధ్యత తీసుకోదు. విదేశాల్లో గ్యాప్ గురించి గంటసేపు వాదించి, నాయుడుపేట దగ్గర టీకి ముప్పావుగంట ఆగేవాళ్లను చూస్తుంటాను.

నెల్లూరు నుంచి మీనంబాకం దాకా సుమారు 190 కిలోమీటర్లు. సూళ్లూరుపేట, తడ దాకా సాఫీగా పోతారు. రెడ్‌హిల్స్ దగ్గర మొదలవుతుంది. అక్కణ్నుంచి ఊళ్లోకి పోకుండా మధురవాయల్ మీదుగా బైపాస్ పట్టుకోవడం మేలు, కానీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అక్కడా లారీల వరసే. కారులో నాలుగు గంటలు పెట్టుకోండి, కావలి నుంచి ఐదు, ఒంగోలు నుంచి ఆరున్నర. విదేశీ విమానానికి మూడు గంటల ముందు లోపల ఉండాలి. చెక్-ఇన్ కౌంటర్ గంట, గంటంపావు ముందే మూసేస్తారు, మూడు గంటలన్నది వాళ్లు సరదాకు చెప్పే మాట కాదు. అంటే తెల్లవారుజాము మూడు గంటల విమానానికి నెల్లూరు నుంచి రాత్రి ఎనిమిదికి, ఒంగోలు నుంచి సాయంత్రం ఐదున్నరకు.

రైలు నాకిష్టం. నెల్లూరు నుంచి ఎక్స్‌ప్రెస్‌లో రెండున్నర, మూడు గంటల్లో చెన్నై సెంట్రల్. అక్కడే మెట్రో ఎక్కితే నేరుగా ఎయిర్‌పోర్టులో దిగొచ్చు, ట్రాఫిక్ గొడవ లేదు. రాత్రి పదకొండు తర్వాత మెట్రో దొరకదు కాబట్టి తెల్లవారుజాము విమానమైతే పదింటికల్లా సెంట్రల్‌లో దిగే రైలు చూసుకోండి. తాంబరం దాకా పోయే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తాంబరంలో లోకల్ రైలు పట్టుకుని తిరుసూలం స్టేషన్‌లో దిగొచ్చు, ఎయిర్‌పోర్టు ఎదురుగానే. పెద్ద పెట్టెలు మూడు దాటితే మాత్రం కారే.

ప్రకాశంవాళ్లకు ఇంకో లెక్క ఉంది. ఒంగోలు నుంచి గన్నవరం (విజయవాడ ఎయిర్‌పోర్టు) సుమారు 165 కిలోమీటర్లు, చెన్నై దాదాపు 300. గన్నవరంలో ఎక్కి హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో మారడం ఒక్కోసారి చెన్నై రోడ్డు కంటే హాయి. మార్కాపురం వైపువాళ్లు నేరుగా హైదరాబాద్ పోతారు, వాళ్లకు అదే దారి.

వర్షాలు, పొగమంచు రోజుల్లో ఏం చేయాలి?

డిసెంబర్, జనవరిలో ఢిల్లీ మీదుగా తెల్లవారుజామున మారే టికెట్ కొనొద్దు. పొగమంచుకు విమానాలు గంటల తరబడి ఆగుతాయి. మధ్యాహ్నం మారేది కొనండి, లేదా దక్షిణాదిలోనే మారండి.

మనకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాన్‌కు చెన్నై రన్‌వే నీళ్లలో మునిగి విమానాలు ఆగిపోయాయి. ఆ తుఫానే మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటింది, అంటే మనకు రోడ్డూ లేదు, విమానమూ లేదు. 2021 నవంబర్‌లో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు, కోవూరు దగ్గర హైవే దెబ్బతిన్నప్పుడు పెన్నకు ఇవతల ఉన్న కావలివాళ్లం చెన్నై వైపు కదల్లేకపోయాం. ఆ నెలల్లో ప్రయాణముంటే, వాయుగుండం అని వినగానే ఒకరోజు ముందే చెన్నైలో బంధువుల ఇంట్లో దిగండి. ఎడారిలో వాన ఏముంటుందిలే అనుకోవద్దు. 2024 ఏప్రిల్‌లో దుబాయ్‌లో ఒక్కరోజు కురిసిన వానకు అక్కడి విమానాలు కొన్ని రోజులు గాడిన పడలేదు.

అమ్మానాన్నలను ఒంటరిగా పంపుతున్నాం. వాళ్లకు ఇంగ్లీషు, హిందీ రావు.

డబ్బులు కాస్త ఎక్కువైనా ఒకే ఒక్క మార్పు ఉన్న టికెట్ కొనండి. గ్యాప్ మూడు నుంచి ఐదు గంటలు. టికెట్ కొన్నప్పుడే వీల్‌చెయిర్ అడగండి, ఆలస్యమైతే కనీసం 48 గంటల ముందు. నడవగలిగినవాళ్లయినా సరే, వీల్‌చెయిర్ తోసే మనిషే దారి చూపిస్తాడు, ఫారాలు నింపుతాడు, లైను తప్పిస్తాడు. మా మేనత్తది పొదిలి. "నాకు కాళ్లు పడిపోయినాయా, ఎందిరా ఆ బండి" అని మొదటిసారి గొడవ చేసింది. తిరిగొచ్చాక "బండి లేకుండా నేను పోను" అంది.

వీల్‌చెయిర్ అడిగినవాళ్లను అందరూ దిగాక ఆఖరున దించుతారు, అక్కడ అరగంట పోతుంది. గంటన్నర గ్యాప్ టికెట్‌కు వీల్‌చెయిర్ పెడితే రెండూ చెడతాయి. ఒక చీటీ మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ విమానం నంబర్లు, చివరి ఊరు, మీ ఫోన్ నంబరు రాసి పాస్‌పోర్టులో పెట్టండి. ఎయిర్‌పోర్టు వైఫై కలపడం వాళ్లవల్ల కాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. ముందుగా ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించండి.

అన్నీ చేసినా ఫ్లైట్ మిస్సయింది. ఇప్పుడు?

ముందు బయటికి రావద్దు. లోపలే ట్రాన్స్‌ఫర్ డెస్క్ ఉంటుంది, అక్కడికి పోండి. లైనులో నిలబడే కంపెనీకి ఫోన్ కూడా చేయండి, ఏది ముందు పలికితే అది. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో సీటు అడగండి, తిండికి కూపన్లు, రాత్రి అయితే హోటల్ అడగండి. అడగనివాళ్లకు ఒక్కోసారి ఇవ్వరు. వాళ్ల సొంత విమానం రేపే ఉంటే, వేరే కంపెనీలో ఈరోజు వేస్తారా అని కూడా అడగండి. మర్యాదగా, కానీ కదలకుండా. బోర్డింగ్ పాస్‌లు పారేయకండి. యూరప్ విమానాశ్రయం నుంచి బయల్దేరిన టికెట్ అయితే, ఆలస్యం కంపెనీ తప్పు వల్లే జరిగి మూడు గంటలు దాటితే, దూర ప్రయాణాలకు 600 యూరోల దాకా పరిహారం అడిగే హక్కు ఉంది.

ముందే చేయగలిగింది ఒకటుంది: రెండో విమానం ఆ రోజుకు ఆఖరిది కాకుండా చూసుకోవడం. హైదరాబాద్ నుంచి తిరుపతికి ఆఖరి విమానం తప్పిందంటే నేను రేపటిదాకా కూర్చోను. రైలెక్కే టైముంటే సికింద్రాబాద్ పోయి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తాను. తెల్లారేసరికి మన స్టేషన్‌లోనే దించుతుంది.

గ్యాప్ మరీ ఎక్కువైతే, పది పన్నెండు గంటలు?

మూడు వేలు మిగులుతాయంటే వయసులో ఉన్నవాళ్లు కూర్చోవచ్చు. పిల్లలతో అయితే ఆ మూడు వేలు లోపల తిండికే పోతాయి. కొన్ని గల్ఫ్ కంపెనీలు తప్పనిసరి పొడవు గ్యాప్‌కు హోటల్ ఇస్తాయి, టికెట్ కొన్న తర్వాత ముందుగానే అడిగి రాయించుకోవాలి.

పచ్చళ్లు, ఎండు రొయ్యలు పట్టుకెళ్తున్నాం. దానికీ గ్యాప్‌కూ సంబంధం ఉందా?

ఉంది. చేతి బ్యాగులో ఆవకాయ సీసా ఉంటే సెక్యూరిటీలో బ్యాగు పక్కకు పోతుంది, మీరు దాంతో పాటే. ద్రవాలు, జారుగా ఉండేవి 100 మిల్లీలీటర్లు దాటితే విదేశీ విమానంలో చేతి బ్యాగులో కుదరదు. చెన్నైలో పొరపాటున వదిలేసినా మధ్యలో ఇంకో సెక్యూరిటీ ఉంది. పచ్చళ్లన్నీ పెద్ద పెట్టెలోనే, రెండు కవర్లు వేసి. ఎండు కొబ్బరి అసలు వద్దు, నూనె ఎక్కువని మంటలు అంటుకునే వస్తువుల జాబితాలో పెట్టారు. అది కనిపిస్తే పెట్టె తెరిపిస్తారు. పవర్ బ్యాంక్ దీనికి తలకిందులు, చేతి బ్యాగులోనే ఉండాలి. పెద్ద పెట్టెలో పెడితే మిమ్మల్ని గేటు దగ్గర్నుంచి వెనక్కి పిలిపించి తీయిస్తారు.

అమెరికాకు ఎండు రొయ్యలు తీసుకెళ్తే కస్టమ్స్ ఫారంలోనో, అడిగినప్పుడో తిండి వస్తువులు ఉన్నాయనే చెప్పండి. చెప్పి చూపిస్తే పది నిమిషాలు. దాచి దొరికితే జరిమానా, పైగా ఆ గదిలో కూర్చున్నంతసేపూ మీ రెండో విమానం టైము నడుస్తూనే ఉంటుంది. మలైకాజాకు ఏ ఇబ్బందీ రాలేదు ఇంతవరకు. పాకం కారకుండా డబ్బా మూతకు టేపు వేయించుకోండి.